యాడుండాము వరదప్ప

గుడియాత్తం నేతసంఘంలో పంచెలకు, లుంగీలకు డిజైన్లు గీసే వరదప్పకు ఒంట్లో ఏ జబ్బూ లేదు గానీ నోట్లో ఒకటుంది. తను ఎక్కడున్నాడో ఎవరైనా చెబితే తప్ప ఆ మనిషి ఏ పనీ మొదలుపెట్టడు. జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచి కూర్చుంటున్న కుర్చీలోనే కూర్చుని, పెన్సిలు చెక్కుకుని, ముక్కుమీద వేలు పెట్టుకుని, "మనమిప్పుడు యాడుండాము?" అని అడుగుతాడు.

పోనీ, "సంఘంలో ఉండావప్పా" అంటే తృప్తిపడతాడా? పడడు. "అట్లగాదు, మొదట్నించీ చెప్పు" అంటాడు. మొదటినుంచీ అంటే తమిళనాడు నుంచి. "తమిళనాడు, గీటు, గుడియాత్తం, గీటు, నేతసంఘం, గీటు, మిద్దె మీద గది" అని చెప్పాలి. ఒక్క గీటు తప్పినా మళ్ళీ మొదటికి వస్తాడు. సంఘానికి నూలు దించడానికి వచ్చే బండివాళ్ళకు కూడా ఈ పాఠం నోటికి వచ్చేసింది.

ఈ జబ్బు వేలూరు నుంచి తెచ్చుకున్నాడని ఊరందరి నమ్మకం. సంఘానికి కంప్యూటరు వచ్చిన కొత్తలో, అది నేర్చుకురమ్మని వరదప్పను వేలూరికి పంపారు. వెళ్ళేటప్పుడు మంచిగా వెళ్ళిన మనిషి, వచ్చిన కొన్నాళ్ళకు ఇలా తయారయ్యాడు. కంప్యూటరు గాలి తగిలిందన్నారు కొందరు. వేలూరు కోట అగడ్త గట్టున కూర్చుని తల తడిపాడన్నారు ఇంకొందరు.

కంప్యూటరు గాలి అన్నవాళ్ళను తప్పుపట్టలేం. ఇప్పటి కంప్యూటర్లలాగా అందులో బొమ్మలు లేవు, మౌసు లేదు. నల్లటి తెర, దాని మూల ఒక డాలరు గుర్తు, పక్కన రెప్పకొట్టే చిన్న గీత. అంతే. ఏం కావాలన్నా అక్షరాలు కొట్టి అడగాలి. అడిగినదానికి మాత్రమే జవాబు చెబుతుంది. లోపల బీరువాలో ఉన్నట్టు అరలు, అరలో మళ్ళీ అర. మనం ఏ అరలో ఉన్నామో దానంతట అది చెప్పదు. పి, డబ్ల్యు, డి అని మూడక్షరాలు కొడితే, అన్నిటికంటే పై అర నుంచి మనమున్న అర దాకా, మధ్య మధ్య ఏటవాలుగా ఒక గీటు పెట్టి, దారంతా రాసి చూపిస్తుంది.

"పీడబ్ల్యూడీ అంటే రోడ్లేసే ఆపీసు గదప్పా," అన్నాడు మేనేజరు శేషాద్రి, వరదప్ప మొదటిసారి ఆ అక్షరాలు కొట్టి చూపినప్పుడు.

"అవును సార్. యాడుండామో తెలిస్తేనే గదా రోడ్డేసేది," అన్నాడు వరదప్ప.

సరే, కంప్యూటరును అడిగితే ఎవరికీ నొప్పి లేదు. ఈయన మనుషులను అడగడం మొదలుపెట్టాడు. ఒకసారి వేలూరు బస్సులో కండక్టరు దగ్గరికొచ్చి, "యాడికప్పా టిక్కెట్టు?" అన్నాడు.

"అది తర్వాత నాయనా. ముందు మనం యాడుండామో చెప్పు."

"పళ్ళికొండ."

"మొదట్నించీ చెప్పు."

కండక్టరుకు తెలుగు వచ్చు గానీ ఓపిక లేదు. "బస్సులో ఉండావు," అన్నాడు. వరదప్ప ఊరుకుంటాడా? "తమిళనాడు, గీటు..." అని అందించాడు. వెనక సీటులో ముసలమ్మ ఇదంతా విని, పాపం ఈయన్ను ఆసుపత్రికి తీసుకుపోతున్నారు కాబోలు అనుకుని తన సంచిలోంచి ఒక అరటిపండు తీసి చేతిలో పెట్టింది. వరదప్ప అది వొలుచుకుని తిని, తొక్క కిటికీలోంచి పారేసేముందు బయట ఏ ఊరో కూడా అడిగాడు.

విరించిపురం పెళ్ళి సంగతి ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. మంచి ముహూర్తం రోజు, గుడి చుట్టూ ఎటు చూసినా పెళ్ళిళ్ళే. ఆయన భార్య అమరావతమ్మ వెండి కుంకుమబరిణె పెళ్ళికూతురి చేతిలో పెట్టి, నాలుగు అక్షింతలు వేసి దిగింది. అప్పుడు వరదప్ప పెళ్ళికూతురి తండ్రిని పట్టుకుని, "అప్పా, మనమిప్పుడు యాడుండాము?" అన్నాడు. ఆయన మొదట ముఖం చిట్లించినా మర్యాదగానే, "అణైకట్ కన్నన్ కూతురి పెండ్లిలో ఉండారు," అన్నాడు. వీళ్ళు రావలసిన పెళ్ళి పక్క పందిట్లో జరుగుతోంది. ఇచ్చిన బరిణె వెనక్కి అడగడానికి నోరు రాక, అమరావతమ్మ కోపం తీరేదాకా అక్కడే భోజనం చేసింది.

ఆ భోజనంలోనూ వరదప్ప ఊరుకోలేదు. ఆకు నిండా వడ్డించాక చెయ్యి పెట్టకుండా, "ఈడ ఏమేముండాయో చూస్తాము," అని మొదలుపెట్టాడు. "ఉప్పుండాది, ఊరగాయుండాది, పొరియలుండాది, అప్పడముండాది." పక్క ఆకువాడు తినడం ఆపి చూస్తున్నాడు. "ఇవన్నీ పైకి కనపడేవి నాయనా. కంప్యూటరులో ఎల్, ఎస్ అని కొడితే కనపడేవే చూపిస్తాది. పక్కన చిన్న గీత పెట్టి, ఏ అని చేర్చితే దాచిపెట్టినవి గూడా బయటికొస్తాయి." ఇలా చెబుతూ వంటశాల వైపు అంత తీక్షణంగా చూశాడంటే, వడ్డించేవాడు జడిసి చివర్లో తేవలసిన పాయసం అప్పుడే తెచ్చి పోశాడు.

ఇంక ఎన్నికల మీటింగుల సంగతి ఏం చెప్పమంటారు? బజారుకు ఈ కొసన ఒక పార్టీ, ఆ కొసన ఇంకో పార్టీ మైకులు కట్టాయి. వరదప్ప కూరగాయల సంచితో నడిమధ్య నిలబడి, పక్కవాడిని, "మనమిప్పుడు యే కట్చి మీటింగులో ఉండాము?" అని అడిగాడు. పక్కవాడికి వెటకారంగా తోచి సంచి లాక్కున్నాడు. వంకాయలు రెండు పార్టీల వైపూ సమంగా దొర్లాయి.

రోజుకు వందసార్లు ఈ ప్రశ్న వినే ఖర్మ మాత్రం రాజాంబాళ్‌ది. మిద్దె మీద గదిలో కంప్యూటరు ముందు కూర్చుని అక్షరాలు కొట్టేది ఆమె. పక్క కుర్చీలో గళ్ళ కాగితం మీద అంచులు గీసేది వరదప్ప. అంతకుముందు రాజాంబాళ్ కింద షెడ్డులో నూలు చుట్టేది. నూలు ధూళి ఆమెకు పడదు, దగ్గు మొదలైతే రాత్రి పడుకున్నా వదిలేది కాదు. మగ్గం గుంటలో కూర్చుని కూర్చుని మోకాళ్ళు పోగొట్టుకున్న నాయన ఇంట్లో ఉన్నాడు. ఇద్దరి పొట్టా ఆమె చేతుల మీదే. అందుకని సాయంత్రాలు టైపు నేర్చుకుని, శేషాద్రిని బతిమాలి మిద్దె ఎక్కింది.

శేషాద్రి అప్పుడే చెప్పేశాడు. "ఎలక్షన్ ఆర్డర్లు ముగిసేదాకా చూస్తాను. తప్పు లేకుండా చేస్తే ఉద్యోగం నీది. తప్పు చేసినావంటే మళ్ళీ కిందికే."

శేషాద్రి చెడ్డవాడు కాదు. ఒక సిద్ధాంతం పట్టుకున్న మనిషి, అంతే. అడిగినవాడికి తెలియదని ఆయన సిద్ధాంతం. తెలియనివాడికి జీతం ఎందుకని దాని రెండో భాగం. తను మాత్రం ఎవరినీ ఏదీ అడగడు. ఒకసారి కావేరిపాక్కం పోవలసి, ఇది ఏ ఊరి బస్సని అడగడం నామోషీ అనుకుని ఎక్కి, అణైకట్‌లో దిగాడు. అక్కడ పొద్దుగూకేదాకా చెరకుతోటలు చూసి వచ్చి, పని అక్కడే ఉండిందని చెప్పాడు.

అలాంటి శేషాద్రి పక్కగదిలో ఉండగా, వరదప్ప గొంతు మేడంతా వినపడేది.

"రాజా, మనమిప్పుడు యాడుండాము? నేను కండ్లద్దాలు ఇంట్లో మరిచిపోయినా, నువ్వే సదువమ్మా."

రాజాంబాళ్ మూడక్షరాలు కొట్టి చదివేది. "సంగం, గీటు, కరై, గీటు, రెండు."

"రెండంటే?"

"రెండు రంగుల కట్చి, చిన్నాయనా."

"ఈడ ఏమేముండాయి?"

ఎల్, ఎస్ కొట్టేది. "ఎడమ ఒకటి, కుడి ఒకటి."

కరై అంటే పంచె అంచు. తమిళనాట పార్టీవాడి పార్టీ ఏదో నోరు తెరిచి చెప్పనక్కరలేదు, పంచె అంచు చెబుతుంది. ఒక పార్టీ అంచుకు రెండు రంగులు, ఇంకో పార్టీ అంచుకు మూడు. ఎన్నికలొస్తే రెండు పార్టీలవాళ్ళూ వచ్చేది ఈ సంఘానికే. అందుకని కంప్యూటరులో 'కరై' అనే అర కింద 'రెండు', 'మూడు' అని రెండు అరలు పెట్టారు. ఒక్కొక్క అరలో ఎడమ అంచుకు ఒక ఫైలు, కుడి అంచుకు ఒక ఫైలు. ఏ రంగు పోగు ఎన్ని, దాని పక్కన ఏది అని అందులో ఉంటుంది. అది కాగితం మీద అచ్చు కొట్టి ఇస్తే, మగ్గం ముందు అంటించుకుని నేసేస్తారు.

ఒక అరలోంచి ఇంకో అరలోకి పోవాలంటే సి, డి. ఒక మెట్టు పైకెక్కాలంటే దాని పక్కన రెండు చుక్కలు. ఇంకో ప్రతి తీయాలంటే సి, పి. ఉన్నది జరపాలంటే ఎమ్, వి. "జరిపేటప్పుడు, తెచ్చి పెట్టేటప్పుడు జాగ్రత్తమ్మా," అనేవాడు వరదప్ప. "అదే పేరుతో ఈడ ఒకటి ముందే ఉంటే దాన్ని మింగేస్తాది. అరవదు, అడగదు." అందుకని ఏ ఫైలుకైనా ఇంకో ప్రతి తీసి 'భద్రం' అనే అరలో పెట్టించేవాడు.

ఫైలు తీసేసే ఆర్, ఎమ్ మాట వచ్చిందంటే ఆమెను కుర్చీలోంచి లేపేవాడు. "కిందికి పొయ్యి నీళ్ళు తాగి రా. తిరిగొచ్చినాక గూడా తీసేయాలనిపిస్తే తీసేస్తాము," అనేవాడు. ఆమె కుండ దగ్గర కనిపిస్తే చాలు, నూలు చుట్టే ఆడవాళ్ళు, "ఏమమ్మా, ఈ పొద్దు ఏం తుడిచేస్తా ఉండావు?" అని అడిగేవాళ్ళు. ఆమె కూడా వాళ్ళతో కలిసి నవ్వేది. నవ్వేది గానీ, మిద్దె ఎక్కాక ఆ ప్రశ్న వింటుంటే చెవులు మూసుకోవాలనిపించేది.

ఒకరోజు వేలూరు నుంచి తనిఖీకి పెద్ద అధికారి వచ్చాడు. శేషాద్రి ఆయన్ను మిద్దె మీదికి తెచ్చి, "ఈయన మా డిజైన్ మాస్టరు సార్, సంఘానికి కన్ను లాంటివాడు," అని పరిచయం చేశాడు. కన్ను లాంటి వరదప్ప లేచి నమస్కారం పెట్టి, రాజాంబాళ్ వైపు తిరిగి, "రాజా, మనమిప్పుడు యాడుండాము?" అన్నాడు.

అధికారి శేషాద్రి చెవి దగ్గర నిదానంగా అడిగాడు. "ఈయనకు తను ఎక్కడున్నాడో తెలియదా?"

ఆయన కారు వీధి మలుపు తిరగ్గానే శేషాద్రి మిద్దె ఎక్కి వచ్చాడు. "ఏమ్మా రాజాంబాళ్, ఈయన దినమూ ఇట్లా అరస్తా ఉంటే నీకు ఇబ్బంది లేదా?"

లేదంటే తనను కూడా ఆ జట్టులో కలిపేస్తాడని రాజాంబాళ్‌కు భయం వేసింది. "కొంచెం ఇబ్బందే సార్," అంది తల వంచుకుని.

"విన్నావా వరదప్పా? ఈ పొద్దు నించి ఈ గదిలో ఎవురూ యాడుండామని అడగకూడదు. ఇది ఆర్డరు."

"సరి సార్," అన్నాడు వరదప్ప. రాజాంబాళ్ వైపు ఒకసారి చూసి, తల దించుకుని గళ్ళ కాగితం మీద పడ్డాడు.

మర్నాడు గది హాయిగా ఉంది. ఫ్యాను తిరిగే చప్పుడు, కింద మగ్గాల చప్పుడు, అంతే. రాజాంబాళ్ పని జోరుగా సాగింది. చెప్పకేం, ఆ హాయి ఆమెకు నచ్చింది. మూడు రంగుల పార్టీవాళ్ళు తెల్ల చార ఒక్క పోగు వెడల్పు చేయమన్నారని, వరదప్ప కుడి అంచు మార్చి గీసి ఇచ్చాడు. ఆమె తనున్న అరలోంచే దాన్ని పైనున్న 'కరై' అరలో కొత్త 'కుడి'గా కొట్టింది. ఇక దాన్ని 'మూడు'లో పెట్టాలి. తను 'మూడు'లోకి వచ్చేశాననుకుంది. నిజానికి పొద్దున్నుంచీ 'రెండు'లోనే ఉంది. పై అరలోని 'కుడి'ని ఇక్కడికి తెచ్చి పెట్టమని కొట్టింది. ఇక్కడంటే ఎక్కడో అడిగేవాళ్ళు లేరు. కంప్యూటరు పాత 'కుడి'ని మింగేసి, ఏమీ ఎరగనట్టు డాలరు గుర్తు చూపించింది. తర్వాత రెండు రంగుల అంచు కాగితం అచ్చు కొట్టి, మునియప్పన్ మగ్గానికి పంపింది.

మునియప్పన్ వయసు మళ్ళిన నేతగాడు. కాగితం చూశాడు. ఎడమ అంచు ఒక పార్టీది, కుడి అంచు ఇంకో పార్టీది. ఇంకెవరైనా అయితే ఇదేంటని మిద్దె ఎక్కి అడిగేవాళ్ళే. మునియప్పన్ తమిళనాట ఎన్నో ఎన్నికలు చూసినవాడు. నిన్న తిట్టుకున్నవాళ్ళు నేడు ఒకే కారులో దిగడం చూసినవాడు. ఓహో, రెండు పార్టీలూ పొత్తు పెట్టుకున్నాయి, కూటణి కుదిరిందన్నమాట అనుకుని, నిశ్చింతగా పంచెలు నేసి వాకిట్లో దండెం మీద ఆరేశాడు.

ఎదురుగా ఏసుదాస్ టీకొట్టు. ఆరేసిన పంచెలను మొదట చూసింది ఏసుదాసే. టీ వడపోసే గుడ్డ చేతిలోనే పట్టుకుని రోడ్డు దాటి వచ్చాడు.

"మునియప్పా, ఏందిది?"

"కూటణి పంచె," అన్నాడు మునియప్పన్.

టీ చల్లారేలోపల ఊరంతా తెలిసిపోయింది. మద్రాసులో రెండు పార్టీలూ కలిసిపోయాయట, పేపర్లవాళ్ళకు కూడా ఇంకా తెలియదట, సంఘానికి మాత్రం పంచెలు ముందే ఆర్డరిచ్చారట. రెండు రంగుల పార్టీ నటరాజన్, మూడు రంగుల పార్టీ శంకరన్ సొంత బావాబావమరుదులు. పార్టీల మూలాన పలకరించుకుని ఏళ్ళయింది. ఇద్దరూ టీకొట్టు దగ్గర ఎదురుపడి, ఇక పైవాళ్ళే కలిశాక మనకేమని కావలించుకున్నారు. ఒక టీని రెండు గ్లాసుల్లో పోయించుకుని తాగారు. తాగాక ఇద్దరికీ ఒకేసారి అనుమానం వచ్చి, వివరం కనుక్కుందామని సంఘానికి వచ్చారు.

శేషాద్రి ఆ పంచె రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉన్నాడు. "కూటణీ లేదు, ఏమీ లేదు," అన్నాడు. నటరాజన్, శంకరన్ ఒకరికొకరు కొంచెం దూరం జరిగారు గానీ, కావలించుకున్నది వెనక్కి తీసుకోవడం ఎలాగో ఇద్దరికీ తెలియలేదు.

"ఇది ఎవురు చేసినారు?" అని శేషాద్రి మిద్దె వైపు చూసి కేకేశాడు.

రాజాంబాళ్ మెట్లు దిగింది. నూలు షెడ్డు తలుపు ఎదురుగా తెరిచే ఉంది, లోపల ధూళి ఎండలో తేలుతోంది. ఇంక జీవితమంతా అక్కడే అనుకుంది. నేనే సార్ అనడానికి నోరు తెరిచింది.

"నేనే సార్," అన్నాడు వెనకనుంచి వరదప్ప. "యాడుండామో అడక్కుండా చేసేసినా. అడగకూడదని మీరు ఆర్డరేసినారు గదా."

శంకరన్ శేషాద్రి వైపు తిరిగాడు. "అడగొద్దన్నారా? మనిషిని అడగొద్దని ఎట్లంటారు సార్? మా కట్చి పుట్టిందే ప్రశ్న అడిగేదానికి."

"ముందు పుట్టింది మా కట్చి," అన్నాడు నటరాజన్. "అయినా ఆయన చెప్పింది నిజమే. అడగొద్దనేది తప్పు సార్."

రెండు పార్టీలూ ఒక మాట మీద నిలబడడం గుడియాత్తంలో అదే మొదలు. శేషాద్రి అటు చూశాడు, ఇటు చూశాడు, చేతిలో పంచె చూశాడు. తర్వాత, ఆయన్ను ఎరిగినవాళ్ళు ఎవరూ నమ్మరు గానీ, నోరు తెరిచి ఒక ప్రశ్న అడిగాడు. "అయితే ఇప్పుడేం చేసేది వరదప్పా?"

"ముందు మనం యాడుండామో చూడాల సార్."

శంకరన్ ముందు నవ్వాడు, తర్వాత నటరాజన్, చివరికి ఏం చేయాలో తోచక శేషాద్రి. అందరూ మిద్దె ఎక్కారు. రాజాంబాళ్ మూడక్షరాలు కొట్టి, గొంతు సవరించుకుని, "సంగం, గీటు, కరై, గీటు, రెండు" అని చదివింది. 'భద్రం'లో దాచిన పాత కుడి అంచును తెచ్చి దాని చోటులో పెట్టింది. మునియప్పన్‌కు కొత్త కాగితం వెళ్ళింది. కూటణి విడిపోయిందా అని మాత్రం అడిగి, సరేనని మళ్ళీ మగ్గంలో దిగాడు.

ఎన్నికలు ముగిశాయి. రాజాంబాళ్ పేరుమీద ఏ తప్పూ లేదు గనుక శేషాద్రి అన్నమాట ప్రకారం ఉద్యోగం ఖాయం చేశాడు. అందరూ బాగుందన్నారు. ఆమెకు మాత్రం ముద్ద దిగలేదు. తన తప్పు ఇంకొకరి నెత్తిన పెట్టి జీతం తీసుకోవడం ఆమెవల్ల కాలేదు. ఆదివారం పొద్దున ఒక డజను అరటిపండ్లు తీసుకుని నెల్లూరుపేటలో వరదప్ప ఇంటికి వెళ్ళింది.

అమరావతమ్మ చిక్కుడుకాయలు వొలుస్తోంది. "రా అమ్మా, కూర్చో. ఆయన పెరట్లో ఉండాడు."

"చిన్నమ్మా, నేను చెప్పాల్సింది ఒకటుండాది. ఆ పంచె తప్పు నాది. చిన్నాయనది కాదు."

"తెలుసులే," అంది అమరావతమ్మ, ఇంకో కాయ తీసుకుంటూ.

అంతలో వరదప్ప పెరట్లోంచి పేపరు చదువుకుంటూ వచ్చాడు. కళ్ళకు అద్దాలు లేవు. పేపరులో సన్నక్షరాల ప్రకటనలు కూడా గడగడా చదివేస్తున్నాడు. రాజాంబాళ్‌ను చూసి తలాడించి, చాప మీద కూర్చుని, ఒక అరటిపండు విరుచుకున్నాడు. రాజాంబాళ్ ఎదురుచూసింది. ఇప్పుడు అడుగుతాడు, ఇప్పుడు అడుగుతాడు అనుకుంది. పండు అయిపోయింది గానీ ప్రశ్న రాలేదు.

"చిన్నాయన ఈ పొద్దు అడగలేదే," అంది మెల్లిగా.

"ఏమడగాల?" అంది అమరావతమ్మ.

"యాడుండామని."

"ఇంట్లోనా? పెండ్లయిన కాడ్నించి ఇంట్లో ఒక్కనాడు అడగలే తల్లీ. వాకిలి దాటినాకే ఆయనకు పూనకం."

"వేలూరు నించి వచ్చినాకే మొదలయిందంటారే అందరూ?"

"ఎవురన్నారు? వేలూరు నించి వచ్చినాక ఆడిమాసం నెలంతా బాగానే ఉండె. నువ్వు మిద్దె మీదికొచ్చినావు చూడు, ఆ వారంలోనే ఊరంతా అడగడం పట్టుకున్యాడు."

రాజాంబాళ్ వరదప్ప వైపు తిరిగింది. వరదప్ప పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

"చిన్నాయనా, మీకు నిజంగా తెలీదా, తెలుసునా?"

పేపరు వెనకనుంచి గొంతు వచ్చింది. "తెలీకేం. నువ్వు చేరిన మర్నాడు ఆ డాలరు గుర్తు ముందర కూర్చోని కొంగు నములుతా ఉంటివి. యాడుండావో నీకు అంతుబట్టలే. అడిగితే శేషాద్రి సారు కిందికి పంపిస్తాడని భయం. సరే, నాకు తెలీదని నేనే అడిగితే పోతాది గదా అనుకున్నా. నన్ను కిందికి పంపినా నాకు దగ్గు లేదు."

"మరి బస్సులో ఎందుకడిగినారు? మీటింగులో ఎందుకడిగినారు?"

వరదప్ప పేపరు దించాడు. "ఆపీసులో ఒక్కచోటే అడిగితే నీకోసరమని శేషాద్రి సారు కనుక్కోడా? మతిలేనోడంటే ఊరంతా మతిలేనోడుగా ఉండాల. ఆడ తెలివి, ఈడ మతిమరుపు అంటే ఎవురు నమ్ముతారు?"

"నా కుంకుమబరిణె పాయె గదయ్యా," అంది అమరావతమ్మ.

"అది మాత్రం నిజంగానే అడిగినానే. ఆ పెండ్లికొడుకు మొగం నాకెందుకో కొత్తగా కనపడె."

రాజాంబాళ్‌కు ఏడుపు వచ్చింది. తన కోసం ఒక మనిషి ఊరందరి ముందు పిచ్చివాడైతే, ఆయన నోరు మూయించింది తనే గదా అని సిగ్గు వేసింది. ఆ వెనకే బస్సులో ముసలమ్మ ఇచ్చిన అరటిపండు గుర్తొచ్చి నవ్వు వచ్చింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

"ఇంక మీరు అడగబాకండి చిన్నాయనా. నాకు తెలుస్తాది. నేనే చూసుకుంటా."

"నీకు తెలుసులే. ఉన్నట్టుండి ఇప్పుడు మానేస్తే ఊరోళ్ళు ఏమనుకుంటారు? జబ్బు చేసిందని వేలూరు తీసకపోతారు."

ఎండ ముదురుతోందని రాజాంబాళ్ లేచింది. వరదప్ప కూడా సాగనంపడానికి లేచాడు. అప్పుడు చూసిందామె, ఆయన కట్టుకున్నది ఆ కూటణి పంచె. ఏ పార్టీవాడూ కొనడు గనుక శేషాద్రి ఆయనకే ఇచ్చేశాడు. ఒక పక్క రెండు రంగులు, ఒక పక్క మూడు రంగులు తళతళలాడుతున్నాయి.

ఇద్దరూ వాకిలి దాటారు. ఎదురుగా ఏసుదాస్ సైకిలు మీద పాలక్యాను పెట్టుకుని వస్తున్నాడు. వరదప్ప అతన్ని చూశాడో లేదో, కాళ్ళు అక్కడే ఆగిపోయాయి, వేలు ముక్కు మీదికి పోయింది.

"రాజా, మనమిప్పుడు యాడుండాము?"

రాజాంబాళ్ నవ్వు ఆపుకుంది. కొంగు సర్దుకుని, పాఠం అప్పజెప్పినట్టు గట్టిగా, వీధి అంతా వినపడేటట్టు చెప్పింది. "తమిళనాడు, గీటు, గుడియాత్తం, గీటు, నెల్లూరుపేట, గీటు, మా చిన్నాయన వాకిలి."

ఏసుదాస్ సైకిలు దిగి, ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"పాపం," అన్నాడు తనలో తను, "ఈ యమ్మకి గూడా అంటుకున్నాది."